ఆదరణ: ధాత కరువు నుంచి మా నాయనమ్మ దాకా



పోయిన నెల డిగ్రీ క్లాసులో ‘గబ్బిలం’ చెబుతున్నాను. వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి లేచాడు. “మేడమ్, జాషువా గారేమో గుళ్ళోకి రానివ్వని దేవుడికి గబ్బిలంతో కబురు పంపారు. మన తాతలేమో ఆ దేవుణ్ణి వదిలేసి ఇంకో దేవుడి దగ్గరికి పోయారు. దేవుడు మారాడు గానీ మన బతుకులో మారిందేంటి? మతం మత్తుమందే కదా” అన్నాడు. అతను మా పల్లె లాంటి పల్లె నుంచే వచ్చాడు. వాళ్ళమ్మ ఆదివారం తెల్లచీర కట్టుకుని మందిరానికి పోయే మనిషని నాకు తెలుసు. ప్రశ్న అడిగింది నన్నే అయినా, అతను లోలోపల వాళ్ళమ్మతోనే వాదిస్తున్నాడు. జవాబు మొదలుపెట్టేలోపు గంట కొట్టారు.

ఈ వారం భాగం ఆ అబ్బాయి కోసం. మత్తుమందు మాటకు ముందూ వెనకా మార్క్స్ ఏం రాశాడో చదువుకోమని చెప్పి తప్పించుకోవచ్చు. ఆయన కాలంలో నల్లమందు నొప్పికి వాడే మందు కూడా అని గుర్తు చేయొచ్చు. అవి మనందరం ఎప్పుడో చదివేసిన సంగతులు. నేను మాత్రం ఒక నదీ, ఒక కాలవా, ఒక తెలుగు మాటా చూపిస్తాను.

మాటతో మొదలుపెడతాను, నా చదువు అదే గనక. చర్చికి పోయే ఏ పల్లెలోనైనా మనిషి చనిపోతే మూడో రోజో, ఆ వారంలోనో ఆ ఇంట్లో ‘ఆదరణ కూడిక’ పెడతారు. చాపలు పరుస్తారు, రెండు పాటలు పాడతారు, పాస్టరు గారు వాక్యం చెబుతారు, టీ ఇస్తారు. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి పక్క ఇళ్ళవాళ్ళు అన్నం వండుకొస్తారు. చర్చి తెలుగులో ఆదరణ అంటే ఓదార్పు. తెలుగు బైబిల్లో పరిశుద్ధాత్మకు యోహాను సువార్త ఇచ్చే పేరు ‘ఆదరణకర్త’. అదే మాట చర్చి బయట ఇంకో అర్థంలో తిరుగుతుంది. కవికి రాజాదరణ ఉందంటాం. సినిమాకు ప్రేక్షకాదరణ ఉందంటాం. ఇంటికి వచ్చినవాణ్ణి ఆదరించి పంపారంటాం. అక్కడ ఆదరణ అంటే గౌరవించడం, పిలిచి కూర్చోబెట్టడం, మనిషిగా లెక్కచేయడం. ఆ రెండో అర్థంలో ఆదరణ మన పల్లెలకు వెయ్యేళ్ళలో ఎన్నిసార్లు దక్కింది? బైబిలును తెలుగు చేసినవాళ్ళు ఓదార్పుకు ఈ మాటను ఎంచుకున్నప్పుడు ఇంతదూరం ఆలోచించి ఉండరు. కానీ విన్న మాదిగవాడికి ఆ మాటలో రెండు అర్థాలూ కలిసే వినపడి ఉంటాయని నా అనుమానం. ఈ వ్యాసమంతా ఆ అనుమానం మీదే నడుస్తుంది.

ఇక కాలవ సంగతి.

1876లో వానలు తప్పాయి. మరుసటి ఏడూ సరిగా లేవు. తెలుగు సంవత్సరం పేరు ధాత కావడంతో మన పెద్దవాళ్ళు ఆ కరువును ధాత కరువు అన్నారు. దక్కన్, మద్రాసు రాజధాని, మైసూరు, హైదరాబాదు సంస్థానం, అంతటా అదే కరువు. చనిపోయినవాళ్ళ లెక్క యాభై లక్షలు దాటుతుందని చాలామంది చరిత్రకారుల అంచనా. 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటిస్తూ దర్బారు నడిపాడు. అదే నెలలో కరువు ఖర్చు తగ్గించే పని మీద సర్ రిచర్డ్ టెంపుల్‌ను దక్షిణాదికి పంపారు. టెంపుల్ కరువు పనుల కూలిని ఎంతకు తగ్గించాడంటే, ఎదిగిన మగమనిషికి రోజంతా మట్టి మోసినందుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. పౌను అంటే అరకిలో కూడా కాదు. ఆడవాళ్ళకు అంతకంటే తక్కువ. మద్రాసు పారిశుధ్య కమిషనరు కార్నిష్ ఈ తిండితో పనిచేసే మనిషి బతకడని అభ్యంతరం చెప్పాడు. ఆ గొడవ మీద కొన్ని నెలలకు కూలి కాస్త పెంచారు. ఈ లోపు ఎందరు పోయారో ఊహించుకోండి.

కరువు అందరికీ వస్తుందంటారు. కానీ వరసలో వస్తుంది. భూమి ఉన్నవాడి దగ్గర పాతర ఉంటుంది, పాతర ఖాళీ అయితే నగ ఉంటుంది, నగ పోతే పొలం తాకట్టు ఉంటుంది. మాదిగవాడి దగ్గర ఉన్నది కళ్ళం మీద వచ్చే మేర. పంట లేనప్పుడు కళ్ళం లేదు, మేర లేదు. గొడ్లు చస్తే తోలు వస్తుంది గదా అంటారేమో, గొడ్లన్నీ ఒకేసారి చచ్చిన ఏడు తోలు కొనేవాడెవడు? ఆసామి తన పాలేరును కూడా పొమ్మంటాడు, ఒక నోరు తగ్గుతుందని.

అప్పటికి ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడుపుతున్న మనిషి జాన్ ఎవరెట్ క్లౌ. దొర 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు, కుర్రతనంలో భూమి కొలిచే సర్వేయరు పని చేశాడు, 1866లో ఒంగోలు చేరాడు. మిషన్ పుస్తకాలు ఒంగోలు కథను ఆయనతో మొదలుపెడతాయి. నేను అలా మొదలుపెట్టను. ఆయన ఒంగోలులో కాపురం పెట్టకముందే, అదే 1866లో, తాళ్ళకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ నడిచి వచ్చి జ్యూయెట్ దొర చేత బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద ఏలూరు వైపు పోయినప్పుడు ఒక మిషనరీ నోట ఈ కథ విన్నాడు. అంతకుముందే ఆయన యోగ సాధకుడు, గురువుల దగ్గర ఉపదేశం పొందినవాడు, తనకూ శిష్యులున్నవాడు. పోతులూరి వీరబ్రహ్మం గారి శిష్యుల్లో మాదిగ కక్కయ్య ఉన్నాడని మనకు తెలుసు. ఆ తోవ మన పల్లెల్లో లోతుగా పారింది. దేవుడు విగ్రహంలో లేడు, కులంలో లేడు, లోపల ఉన్నాడు అన్న మాట పేరయ్యకు క్లౌ చెప్పాల్సిన పని లేదు. ఆ మాట తెలిసి, దానికి తగిన సంఘం దొరక్క తిరుగుతున్న మనిషి పేరయ్య. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో రాసిన పుస్తకం పేరుకు ‘చెప్పులు కుడుతూ’ అని అర్థం. అందులో ఈ యోగ గురువుల సంగతులు వివరంగా ఉన్నాయి. తెలుగు సాహిత్యం చదివేవాళ్ళు వేమన, వీరబ్రహ్మం దాకా వచ్చి ఆగిపోతారు. ఆ తోవ తర్వాత ఎటు పోయిందో తెలియాలంటే ఈ ఇంగ్లీషు పుస్తకం చూడాలి. మన సిలబసులకు ఈ చూపు లేదు. ఆ పోట్లాట ఇంకోసారి.

మొదట్లో మిషన్‌కు కూడా మాదిగలంటే పెద్ద ఆశ లేదు. క్లౌ బడికి బ్రాహ్మణ పిల్లలు వస్తున్నారు, పైకులాలు మెత్తబడుతున్నాయని సంబరం. పేరయ్య వెంట మాదిగలు రావడం మొదలుకాగానే, వాళ్ళను చేర్చుకుంటే మా పిల్లలను పంపమని పెద్దలు కబురు చేశారు. క్లౌ, ఆయన భార్య హారియెట్ ఏం చేయాలో తెలియక విడివిడిగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయమే తగిలిందట. లోకం నీచంగా చూసేవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. ఈ కథను నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. నాకు కావలసింది దాని ఫలితం. 1867 జనవరి 1న ఎనిమిది మందితో మొదలైన ఒంగోలు సంఘం మాదిగల సంఘం అయింది. దొర మాదిగలను ఎంచుకున్నాడనడం కంటే మాదిగలు దొరను ఎంచుకున్నారనడమే నిజానికి దగ్గర.

పదేళ్ళు గడిచి కరువు వచ్చింది. మద్రాసు నుంచి ఉత్తరాదికి పోయే ఉప్పునీటి కాలవను కలిపే పని ప్రభుత్వం కరువు పనిగా పెట్టింది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరే ఆ కాలవకు మిగిలింది. చీరాల, ఒంగోలు వైపు వాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. రైల్లోంచి చూసి ఉంటారు, ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయి తుంగ పెరిగిన కాలవ. కరువు పనుల దగ్గర పైకులాల మేస్త్రీల చేతుల్లో మాదిగ, మాల కూలీల గతి ఏమిటో క్లౌకు తెలుసు. పాత సర్వేయరు గనక మూడున్నర మైళ్ళ తవ్వకం తనే కాంట్రాక్టు తీసుకున్నాడు. రాజుపాలెం దగ్గర విడిది వేశాడు. తన బోధకులను, అంటే పేరయ్య లాంటి మాదిగ మనుషులను, మేస్త్రీలుగా పెట్టాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మాదిగ మేస్త్రీ! పనిచేయించేవాడు, హాజరు వేసేవాడు, కూలి లెక్క చూసేవాడు మన మనిషి. తిట్టకుండా, కొట్టకుండా కూలి చేతిలో పెట్టే మనిషి. ఎంతెంత దూరం నుంచో జనం నడిచివచ్చారు. క్రైస్తవులే కాదు, ఆ పేరే వినని పల్లెలవాళ్ళు కూడా వచ్చారు. తవ్వేవాళ్ళు తవ్వారు, తట్టలు మోసేవాళ్ళు మోశారు. మధ్యాహ్నం నీడన చేరబడితే బోధకులు పక్కన కూర్చుని మాట్లాడారు. విడిదిలో కలరా తిరుగుతోంది. నిన్న పక్కన తట్ట మోసిన మనిషి ఇవాళ లేడు.

ఆ రోజుల్లో జనం మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్న మాట ఏదో క్లౌ జ్ఞాపకాల్లో ఉంది. మత్తయి సువార్త పదకొండో అధ్యాయం చివర, బరువు మోసి అలిసిపోయినవాళ్ళను తన దగ్గరికి రమ్మని, విశ్రాంతి ఇస్తానని యేసు పిలిచే మాట. చర్చి గోడల మీద, క్యాలెండర్ల మీద చూసిచూసి మనకు ఆ వాక్యం అరిగిపోయింది. ఇప్పటి పాస్టర్లు ఆ బరువుకు పాపభారమనీ, అప్పుల భారమనీ అర్థాలు చెబుతారు. రాజుపాలెం కాలవ గట్టు మీద దానికి అర్థం చెప్పాల్సిన పని ఎవరికీ లేదు. బరువు నెత్తి మీదే ఉంది, తడిమట్టితో. విన్నవాళ్ళు ఆ తట్ట దించి, చుట్టకుదురు పక్కన పెట్టి, వింటున్నారు. పిలుస్తున్నది ఎవరిని? రాజును కాదు, పంతుల్ని కాదు, ఆసామిని కాదు. పేరు పెట్టినట్టుగా తట్ట మోసేవాణ్ణి పిలుస్తున్నారు. మన సాహిత్యంలో, మన పురాణాల్లో, తట్ట మోసేవాణ్ణి ఉద్దేశించి దేవుడు నేరుగా మాట్లాడిన చోటు నాకొకటి చూపించండి. నేను డాక్టరేటు చేసిన మనిషిని, వెతికాను.

కరువు డబ్బు చేతులు మారుతున్నంత కాలం క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్ళందరినీ ఆగమన్నాడు. తిండి కోసం కలిశారన్న మాట వస్తుందని ఆయన భయం. అలా పదిహేను నెలలు గడిచాయి. 1878 వేసవి చివరికి పరిస్థితి కొంచెం తేరుకుంది, సాయం డబ్బు అయిపోవచ్చింది. ఇక ఇచ్చేందుకు ఏమీ లేదు, మీ ఊళ్ళకు పోయి పనులు చూసుకోండని చెప్పడానికి ఒంగోలుకు ఉత్తరంగా పది మైళ్ళ దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జనాన్ని కలిశాడు. వేలమంది చేరారు. డబ్బు లేదని చెప్పాడు. వాళ్ళు పోలేదు.

వాళ్ళు ఏమన్నారో ఆయన రాసుకున్నాడు. సాయం అడగడానికి రాలేదన్నారు. మట్టి తవ్విన తమ చేతుల బొబ్బలు చూడమన్నారు, పనిచేసే బతికాం, ఇకముందూ పనిచేసే బతుకుతాం అన్నారు. మళ్ళీ పంట పోతే చచ్చిపోతాం, చావాల్సి వస్తే క్రైస్తవులుగా చావాలి, కాబట్టి మాకు బాప్తిస్మం ఇవ్వండి అన్నారు. ఇది దొర పుస్తకంలోని మాట అని నాకు తెలుసు. ఆ పుస్తకం ఆయన చనిపోయిన నాలుగేళ్ళకు 1914లో ఎమ్మా పూర్తిచేసి వేయించింది. మాదిగల తెలుగు ఇంగ్లీషై, ముప్ఫై ఆరేళ్ళ జ్ఞాపకమై, అమెరికా పాఠకుల కోసం అచ్చయింది. అందులో ఎంత నునుపు చేశారో చెప్పలేం. అయినా బొబ్బల మాట దొర కల్పించాడని నేను అనుకోను. అది పనిచేసినవాళ్ళ వాదన. ముష్టికి వచ్చామనుకోవద్దు, మా చేతులు చూడు అనే పొగరు అందులో ఉంది. ఆ పొగరు నాకు తెలుసు, మా ఇంట్లో విన్నదే.

క్లౌ ఒప్పుకున్నాడు. జులై 2న 614 మంది. జులై 3న 2222 మంది. జులై 4న 700 మంది. మూడు రోజుల్లో 3536. క్లౌ స్వయంగా నీళ్ళలో దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఇచ్చారు. రెండో రోజు పనిచేసింది దాదాపు తొమ్మిది గంటలు. లెక్క వేసుకోండి, ఒక్కొక్క బోధకుడి చేతుల మీదుగా సుమారు అర నిమిషానికొకరు. ఆ ఏడాది చివరికి ఒంగోలు సంఘం పన్నెండు వేలు దాటింది. అమెరికాలో ఇది పెద్ద వార్త. రెండో పెంతెకొస్తు దినం అని రాసుకున్నారు. 2222 అన్న అంకె మిషన్ ప్రసంగాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ 2222 మందిలో పది పేర్లు చెప్పమని అడగండి, ఎవరూ చెప్పలేరు. అంకె మిగిలింది.

ఇంకొక మాట కూడా గమనించాలి. ఊరిబావిలో మన చేద పడితే మైల. ఊరిచెరువులో ఆసామి గొడ్లు దిగే రేవు వేరు, మనది వేరు. అలాంటి మనుషులు పట్టపగలు, వేలమంది, గుండ్లకమ్మలో నిండా మునిగి లేచారు. నీళ్ళలో తలమీద చెయ్యి వేసి ముంచినవాడు, పట్టుకుని లేపినవాడు ఇంకో అంటరానివాడే. దాన్ని అక్కడ నిలబడ్డవాళ్ళు ఏ మతశాస్త్రంతో అర్థం చేసుకున్నారో గానీ, ఒళ్ళు మాత్రం అర్థం చేసుకుని ఉంటుంది.

గంజికి మతం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. దానికి జవాబు తేదీల్లోనే ఉంది. గంజి పోసినన్నాళ్ళూ బాప్తిస్మం లేదు, బాప్తిస్మం ఇచ్చేనాటికి గంజి లేదు. ఇది వాదనకు సరిపోతుంది, నేనూ చాలా వేదికల మీద ఇదే చెప్పాను. ఈ మధ్య మాత్రం ఈ జవాబు చెబుతుంటే నోరు చేదుగా ఉంటోంది. ఒకవేళ గంజి కోసమే కలిశారనుకుందాం. ఆకలితో చచ్చేవాడు గంజి పోసినవాణ్ణి నమ్మడం తప్పెలా అయింది? పోయని దేవుడి దగ్గరే పడి చావాలని ఏ ధర్మం చెబుతుంది? వెయ్యేళ్ళు ఆసామి గంజి తాగి ఆసామి దేవుడి ఊరేగింపుకు డప్పు కొట్టినప్పుడు దాన్ని భక్తి అన్నారు. అప్పుడు ఎవరూ గంజి భక్తి అనలేదు.

నమ్మకం చవగ్గా ఏమీ రాలేదు. క్లౌ కొత్తగా కలిసినవాళ్ళకు పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు. చదవడానికి బడిపిల్లల నియమాల్లా ఉంటాయి, ఊరి లెక్కలో పెట్టి చూస్తే మూడూ మూడు తిరుగుబాట్లు. మాదిగవాడికి సెలవు అనేది ఉండదు. ఆసామి పిలిస్తే పోవాలి. వారానికి ఒకరోజు రానని చెప్పడమంటే తన ఒంటి మీద తనకు హక్కుందని చెప్పడం. మత్తయిలో ఇస్తానన్న విశ్రాంతి చచ్చాక దొరికే విశ్రాంతి కాదు, ఆదివారం. చచ్చిన గొడ్డును తినకపోవడమంటే ఊరు మనకు కేటాయించిన తిండినీ, దానితో అంటిన పేరునూ వద్దనడం. విగ్రహానికి మొక్కకపోవడమంటే జాతరకు డప్పు కొట్టననడం. దానికి ఊరు ఊరుకోలేదు. బావి మూశారు, మేర ఆపారు, కరణం, మునసబు కలిసి దొంగకేసులు పెట్టించారు, కొట్టారు. ఆ దెబ్బల మధ్య మళ్ళీ ఆదివారం పాట పాడటానికి చేరినవాళ్ళను మత్తులో ఉన్నారందామా?

డప్పు సంగతి వచ్చింది గనక ఒక మాట పక్కకు పోయి చెబుతాను. మా నాయనమ్మ మామగారు జాతరకు డప్పు కొట్టనన్నందుకు దెబ్బలు తిన్నారని మా ఇంట్లో కథ. అందుకే మా ఇంట్లో డప్పు లేదు. 1994 జులై 7న మన ప్రకాశం జిల్లా ఈదుముడిలోనే దండోరా ఉద్యమం మొదలైంది. వెట్టికి గుర్తని మా పెద్దలు వదిలేసిన డప్పు జెండా అయి తిరిగొచ్చింది. మా నాన్న దాన్ని చంకకు తగిలించుకుని ఇంటికొస్తే నాయనమ్మ వారం రోజులు మాట్లాడలేదు. “దాన్ని వదిలించుకోడానికి మీ తాత వీపు చిట్లింది రా” అంది. ఇద్దరిలో ఎవరిది తప్పు? నాకు ఈ రోజుకీ తెలియదు. మిషన్ మనకు చాలా ఇచ్చింది, మన చేతుల్లోంచి కొన్ని లాగేసుకుంది కూడా. మన కథలు, మన వాయిద్యం, ఎల్లమ్మ, జాంబవంతుడు, అన్నీ సైతాను మూటలో కట్టి పారేయమంది. ఎన్నో పోయాయి.

చర్చి గురించి తీపి మాటలే చెప్పి వదిలేస్తే ఆ వెనక బెంచీ అబ్బాయి నన్ను క్షమించడు. గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో మాలలు, ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువగా చేరారు. ఒకే క్రీస్తు, రెండు పల్లెలు, పెళ్ళి సంబంధం మాట వస్తే చర్చి కూడా కులం అడుగుతుంది. క్రైస్తవంలోకి పోయిన అంటరానివాళ్ళ గురించి అంబేడ్కర్ రాసిన వ్యాసాలు చదవండి. మిషనరీలు బడులు, ఆస్పత్రులు పెట్టారు గానీ కలిసినవాళ్ళ మీద జరిగే అన్యాయం మీద వాళ్ళను పోరాటానికి కదిలించలేదని ఆయన నిష్ఠూరంగా రాశారు. ఆయన 1956లో బౌద్ధం వైపు పోవడానికి ఉన్న కారణాల్లో ఈ అసంతృప్తి కూడా ఉంది. ఇప్పటి నూనె సీసాల వ్యాపారం, వీసా ప్రార్థనలు, స్టేజీ మీద లైట్ల మధ్య అద్భుతాలు, వీటి గురించి వేరే చెప్పాలా? అక్కడ మత్తుమందు అంటే నేనూ చెయ్యెత్తుతాను.

రాజ్యం సంగతి ఇంకోటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా, హిందువులు కానివాళ్ళు షెడ్యూల్డు కులాల కింద రారు అంది. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే. మన రాష్ట్రంలో వాళ్ళకు బీసీ-సీ, ఒక్క శాతం. ఊరు మాత్రం కొట్టేటప్పుడు సర్టిఫికెట్ అడగదు. 1985 జులై 17న కారంచేడులో వేటాడి చంపింది మాదిగలనే. చనిపోయినవాళ్ళ పేర్లలో మోషే అన్న పేరు ఉంది. ఫరో దగ్గర వెట్టి చేస్తున్న జనాన్ని నడిపించుకుపోయినవాడి పేరు అది. ఏ తల్లో పిల్లాడికి ఏం కోరుకుని ఆ పేరు పెట్టిందో చూడండి. ఆ పేరున్న మనిషి మీద అట్రాసిటీ జరిగినప్పుడు, వీడు క్రైస్తవుడు గనక ఎస్సీ కాదని కోర్టుల్లో వాదించే ప్లీడర్లున్న దేశం మనది. అందుకే మన పల్లెల్లో చాలామందికి ఆదరణ దొరికే చోటు ఒకటి, కాగితం దొరికే చోటు ఇంకొకటి. రెండు పేర్లు. ఇలా బతకడాన్ని దొంగతనం అనేవాళ్ళు, ఆ మూడో పేరా రాసినవాళ్ళను ఏమంటారో చెప్పాలి.

మా నాన్నది కారంచేడు తరం. చీరాల శిబిరం దగ్గర వాలంటీరుగా నిలబడ్డాక చర్చికి పోవడం మానేశాడు. గోడ మీద యేసు పక్కన అంబేడ్కర్ ఫోటో పెట్టాడు. నాయనమ్మ రెండింటికీ ఒకే గుడ్డతో దుమ్ము తుడిచేది. ఆమెకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. కూలి లెక్క తప్పకుండా ఉండటానికి నేర్చుకుంది. ఆ అంకెలతోనే పాటల పుస్తకం వాడేది. పాట నంబరు చెబితే పేజీ తీసి, పుస్తకం ముందు పెట్టుకుని, చూడకుండా మొత్తం పాడేది. నాట్ల కాలంలో రెట్టింపు కూలి ఇస్తామన్నా ఆదివారం పొలం పోలేదు. ఆదివారం ఆమె చేసే పెద్ద పని తలంటుకుని నీడన కూర్చోవడం.

2021 మే నెలలో మా నాన్న కరోనాతో పోయాడు. ఆస్పత్రి నుంచి నేరుగా సమాధుల తోటకే తెచ్చారు. నలుగురికే అనుమతి. నాయనమ్మ కొడుకు మొహం చూడలేదు. మందిరం మూసేశారు, ఆదరణ కూడిక లేదు. మా ఇంటికి రావడానికి అందరికీ భయం, మేము రానివ్వడమూ తప్పే. కానీ గేటు దగ్గర పొద్దునా సాయంత్రం టిఫిన్ క్యారియర్లు వచ్చి నిలబడేవి. పెట్టినవాళ్ళు దూరంగా జరిగి, మేం తీసుకునేదాకా చూసి పోయేవాళ్ళు. మూతల మీద పెయింటుతో ఇంటిపేర్లు.

మూడో రోజు పాస్టరు గారు ఫోనులోనే కూడిక పెడదామన్నారు. కాన్ఫరెన్స్ కాలు, ఒకరిని కలిపితే ఒకరు తెగిపోవడం, ఎవరింట్లోనో కుక్కర్ విజిలు. ఆయన యోబు గ్రంథం నుంచి మొదలుపెట్టబోయారు. నాయనమ్మ ఆపింది. “అయ్యగారూ, వాక్యం తర్వాత చెబుదురు గానీ, ఎవరెవరున్నారో ఒక్కొక్కరు పేరు చెప్పమనండి” అంది. చెప్పారు. పేరు, ఇంటిపేరు, ఎవరి కోడలో, ఏ ఊళ్ళో ఉంటున్నారో. హైదరాబాదులో కూలికి పోయినవాళ్ళున్నారు, కువైట్ నుంచి ఇద్దరున్నారు. నాన్న ఉద్యమ మిత్రులు నలుగురైదుగురు కూడా కలిశారు, వాళ్ళు పేరు చెప్పి ‘జై భీమ్ అమ్మా’ అన్నారు. ఆమె ప్రతి పేరుకూ ‘వందనాలయ్యా’, ‘వందనాలమ్మా’ అంది. ఏడవలేదు. దాదాపు నలభై పేర్లు, అరగంట పట్టింది. యోబు దాకా రానేలేదు, ఎవరి ఫోనులోనో బ్యాలెన్సు అయిపోయింది.

ఆ సాయంత్రం క్యారియర్లు కడిగి ఆరబెట్టాం. ఏ గిన్నె ఎవరిదో నాయనమ్మ మూత మీద పేరు చదవలేక, సొట్ట చూసి చెప్పింది.